కోయని పడుగు

గుంటలో నీళ్లు ఊరుతున్నాయి.

పడే చప్పుడు లేదు. పారే చప్పుడు లేదు. మట్టి గోడల్లోంచి, అడుగునుంచి, ఎవరికీ చెప్పకుండా... చల్లగా, నల్లగా ఊరుతున్నాయి.

వంగితే గంజి వాసన. తడిసిన నూలు వాసన.

అది మగ్గం గుంట. నేసే మనిషి అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగున చెక్కలు తొక్కుతూ నేస్తాడు. ముప్పై ఏళ్లు రెండు కాళ్లు అందులో ఆడాయి. పదమూడు రోజులుగా ఆడటం లేదు. కాళ్లు ఆడినన్నాళ్లు పొడిగా ఉన్న గుంట, కాళ్లు పోగానే నీళ్లను పిలుచుకుంది.

నిహారిక అంచున కూర్చుని చెంబుతో తోడుతోంది.

తోడుతుంది. బకెట్లో పోస్తుంది. మళ్లీ తోడుతుంది.

మణికట్ల దగ్గర ఇంకా నొప్పి. కుడిచేతి గోర్లు రెండు సగానికి విరిగి ఉన్నాయి. అవి పెరుగుతున్నాయి.

పెరగడం ఆమెకు నచ్చడం లేదు.

*

ఆ కాళ్లు ఆగిన రోజుకి పెళ్లయి నలభై మూడు రోజులు.

లెక్క ఎవరూ పెట్టమనలేదు. తనే పెట్టుకుంది. పొద్దున లేవగానే వేళ్ల మీద ఒకటి కలుపుకునేది, దొంగతనంగా నవ్వుకునేది. పద్దెనిమిదో రోజు వంటింటి కిటికీకి పిచ్చుక వచ్చింది. ఇరవై ఆరో రోజు మొగుడు అమరేందర్ కంపెనీ నుంచి వస్తూ వస్తూ చొక్కా లోపల దాచి ఉడకబెట్టిన పల్లికాయ తెచ్చాడు, పొట్ట మీద ఎర్రగా కాలిన మచ్చతో. ముప్పై ఒకటో రోజు... ముప్పై ఒకటో రోజు ఏమీ జరగలేదు. ఊరికే బాగుంది.

ఏమీ జరగకుండా ఊరికే బాగుండే రోజులు కూడా ఉంటాయని ఆమెకు ఈ ఇంట్లోనే తెలిసింది.

పుట్టింట్లోనూ మగ్గమే. చండూరు దాటినాక చిన్న ఊరు. మగ్గం చప్పుడుకి నిద్రపోయి, మగ్గం చప్పుడుకి లేచిన పిల్ల. నల్లగొండలో డిగ్రీ చదివిన మూడేళ్లు ఆ చప్పుడు లేక హాస్టల్లో నిద్ర పట్టేది కాదు. అత్తగారింట్లో మొదటి రోజు పొద్దున్నే ఆ చప్పుడు విని, కళ్లు తెరవకుండానే — ఇంటికొచ్చాను అనుకుంది.

ఆ చప్పుడు మామది. లింగస్వామిది.

పెళ్లయిన వారానికి ఆయన ఆమెను మగ్గం దగ్గరికి పిలిచాడు. కొత్త కోడలి మొదటి చీర ఇంటి మగ్గం మీదే నేయాలి, అది వాళ్లింటి కట్టుబాటు.

"ఏం గావాలె చెప్పు బిడ్డా. చిలుకలా, ఏనుగులా?"

"వాన గావాలె మామా."

నవ్వించడానికే అంది. ఆయన నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వానను ఎట్ల కట్టాలె?"

"గదంత నాకేమెరుక. ముప్పై ఏండ్లసంది నేస్తున్నది మీరు."

వంటింట్లోంచి అత్తమ్మ పుష్పమ్మ, గరిటె ఆపకుండానే అంది — "అడిగినందుకు మంచిగైంది. ఇగ మబ్బులకు నిచ్చెనేస్కో."

మూడు రోజులు ఆలోచించాడు. తర్వాత కట్టడం మొదలుపెట్టాడు. రంగు అంటకూడదనుకున్న చోటల్లా నూలుకి రబ్బరు పీలికలు బిగించి కట్టాలి. కట్టి, రంగులో ముంచాలి. ఆరబెట్టి విప్పాలి. ఒక్కో కట్టు వేలి గోరంత. ఇరవై రోజులు కట్టాడు. ఒక్కోసారి కళ్లు మూసుకుని ఏటవాలుగా చెయ్యి ఊపి చూసుకునేవాడు, వాన ఎటు వాలుతుందో కొలుస్తున్నట్టు.

విప్పిన రోజు — నల్లటి నీలంలో తెల్లటి చినుకులు. అంచులు కొద్దిగా చెదిరి. గాలికి వాలి.

ఆ నూలు మగ్గం మీద పడుగుగా సాగింది. గది ఈ చివర నుంచి ఆ చివర దాకా, వేల నిలువు పోగులు, ఇంటి లోపల వాన.

నిహారిక చప్పట్లు కొట్టింది. ఇరవై రెండేళ్ల పిల్ల, చిన్నపిల్లలా కొట్టింది.

లింగస్వామి మీసాల్లో నవ్వుకున్నాడు. అత్తమ్మ వైపు తిరిగి, నిచ్చెన సరిపోయిందా అని అడిగాడు.

*

తర్వాత నిజం వాన వచ్చింది.

ఐదు రోజులు. ఆగకుండా. నూలు చెమ్మెక్కి సడలింది. పడుగును బిగించే తాడు ఉబ్బింది. మామ కుంపటి తెచ్చి గుంటలో పెట్టి, దాని వైపు చూస్తూ కూర్చున్నాడు, ఎడమ భుజం రుద్దుకుంటూ. చలికి పట్టేసింది అన్నాడు. అందరూ చలికే అనుకున్నారు.

ఆరో రోజు ఎండ.

ఎంత మంచి ఎండ. గోడలు ఆవిర్లు కక్కాయి. నిహారిక జుట్టు ఆరబెట్టుకుంది. అమరేందర్ పొద్దటి షిఫ్టుకి వెళ్తూ గేటు దగ్గర ఆగి, ఎవరూ చూడకుండా ఆమె తడి జడ పట్టి ఒక్కసారి గుంజి వెళ్లిపోయాడు. ఆమె ఆ నవ్వుతోనే వచ్చి రాట్నం ముందు కూర్చుంది. నేతకు నూలు కండెలు చుట్టసాగింది.

మగ్గం ఆడుతోంది.

ఆడుతోంది...

ఆగింది.

మగ్గం ఆగడంలో రకాలుంటాయి. పోగు తెగితే ఒక తీరు. కండె అయిపోతే ఒక తీరు. చాయ్ వాసనకి ఒక తీరు. మగ్గం ఇంట్లో పుట్టినవాళ్లకు తల తిప్పకుండానే తెలుస్తుంది.

ఇది ఏ తీరూ కాదు.

తల తిప్పింది. మామ బట్ట మీదికి వంగి ఉన్నాడు. తెగిన పోగు వెతుకుతున్నాడనుకుంది. మళ్లీ రాట్నం వైపు తిరిగింది. రెండు చుట్లు తిప్పింది.

రెండు చుట్లు.

అప్పుడు ఆయన చేతిలోంచి, అడ్డపోగు మోసే నాడె జారి గుంటలో పడిన చప్పుడు.

*

వెనుక గోడ. ముందు దోనె — నేసిన బట్ట చుట్టుకునే బరువైన కట్టె. నడుమ మనిషి. కాళ్లు గుంటలో, ఛాతీ దోనె మీద, చెంప వాన మీద.

వెనక్కి లాగుదామంటే గోడ. పక్కకి లాగుదామంటే గుంజలు. దోనె జరగాలి. దోనె జరగాలంటే పడుగు సడలాలి. పడుగు సడలాలంటే తాడు ముడి విప్పాలి.

లేదంటే పోగులు కోయాలి.

కత్తెర ఆమె మోచేతి పక్కనే ఉంది. మేకుకి ఎర్రదారంతో వేలాడుతోంది. కొసలు కత్తిరించే చిన్న కత్తెర. దానికి తాడు తెగదు.

దారం తెగుతుంది.

ఆమె చూసింది. కత్తెరను చూసింది. ఇది మాత్రం ఆమెకు తెలుసు, ఎవరికీ తెలియకపోయినా.

చూసి — ముడి మీద చెయ్యి వేసింది.

ఫోన్ బట్ట మీద పెట్టి, నూట ఎనిమిదికి కలిపి, స్పీకర్ పెట్టింది. అవతల ఒక ఆడగొంతు, నెమ్మదిగా, తొందర లేకుండా. ఊపిరి ఆడుతోందా అని అడిగింది. పేరు అడిగింది, ఊరు అడిగింది. తర్వాత —

"గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టారా అమ్మా?"

"పండవెడ్తున్నం."

ముడి నానింది. ఐదు రోజుల వాన తాగి రాయిలా ఉబ్బింది. వేళ్లతో కాలేదు. గోర్లతో పట్టింది. ఒక గోరు పోయింది.

"పడుకోబెట్టారా?"

"పండవెడ్తున్నం."

అత్తమ్మ అటువైపు నుంచి ఆయన తల రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఏమేమో అంటోంది. పిలుస్తోంది. ఇంకో గోరు పోయింది. పళ్లతో పట్టింది. నోట్లో గంజి రుచి, మట్టి రుచి, నెత్తురు రుచి.

"అమ్మా, పడుకోబెడితేనే ఛాతీ మీద నొక్కగలరు. పడుకోబెట్టారా?"

"పండవెడ్తున్నం..."

పోగు కోయకూడదని ఆ రోజు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. ఐదేళ్లప్పుడు కత్తెర పట్టుకుని పడుగు దగ్గరికి పరిగెత్తితే అవ్వ చేతి మీద కొట్టిన దెబ్బ ఉంది. పడుగును దాటకూడదు, చుట్టూ తిరిగి పోవాలి. కాలు తగిలితే కళ్లకద్దుకోవాలి. నేత ముగిసేదాకా దాని మీద కత్తెర పడకూడదు. బుద్ధికి తెలియకముందే వేళ్లకు తెలిసిన సంగతి.

వేరే ఇంటి పిల్లయితే కోసేది.

సేద్యం ఇంటి పిల్ల కోసేది. దుకాణం ఇంటి పిల్ల కోసేది. మగ్గం అంటే నాలుగు కట్టెలూ ఇంత దారమూ అనుకునే ఏ పిల్లయినా — కోసేది.

ముడి వీడింది.

వాన ఒక్కసారిగా వాలిపోయింది.

*

కాలేజీలో నేర్పారు. సేవా శిబిరంలో, షామియానా కింద, రబ్బరు బొమ్మ మీద. మోచేతులు వంచకూడదు. ముప్పై సార్లు నొక్కాలి, రెండు సార్లు ఊపిరి ఊదాలి. అమ్మాయిలు ఆ బొమ్మకి పెళ్లికొడుకు అని పేరు పెట్టి పడీపడీ నవ్వారు. నిహారికే అందరికంటే బాగా చేసిందని సర్టిఫికెట్ ఇచ్చారు.

ఆ బొమ్మ ముందే పడుకుని ఉంది.

మగ్గంలో ఇరుక్కున్న మనిషిని ఎట్లా బయటికి తీయాలో ఆ షామియానా కింద ఎవరూ చెప్పలేదు.

ఒకటి... రెండు... మూడు...

అత్తమ్మ అరికాళ్లు రుద్దుతోంది. కుంపటి బూడిద అంటిన అరికాళ్లు.

పదకొండు... పన్నెండు...

ఛాతీలో ఏదో విరిగిన చప్పుడు. ఆమె ఆగలేదు. ఆగొద్దని ఫోన్లో గొంతు చెబుతోంది. ఇరవై. ఇరవై ఒకటి. చెమట ఆమె గడ్డం మీంచి ఆయన బనీను మీద పడుతోంది. టప్. టప్. మామా. ముప్పై. మామా. ఒకటి... రెండు...

అంబులెన్స్ తొందరగానే వచ్చింది. తప్పు దానిది కాదు.

అందులోంచి దిగినాయన పేరు ఇస్రాయేలు. మోకాళ్ల మీద కూర్చుని ఆమె చేతుల కింద తన చేతులు పెట్టి, పని అందుకున్నాడు. దారి పొడవునా చేశాడు. దవాఖాన మెట్ల దగ్గర, అంతా అయిపోయాక, కాగితం మీద రాసుకుంటూ అడిగాడు. పడిపోయినంక ఎంతసేపటికి నొక్కుడు మొదలువెట్టినవ్ చెల్లె?

"వెంటనే" అంది నిహారిక.

ఆయన రాసుకున్నాడు.

"నువ్వు చేసేదంత చేసినవ్. గిట్ల ఎవరు చేస్తరు."

*

అందరూ అదే అన్నారు.

పక్కింటి ఉప్పలమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పింది. చదువుకున్న కోడలు, చేతులు పడిపోయేదాక కొట్లాడింది, కన్నబిడ్డ కూడ గంత చెయ్యదు. ఆడవాళ్లు ఆమె చేతులు తీసుకుని చూశారు. విరిగిన గోర్లు చూశారు. ఒకావిడ ఆ వేళ్లను కళ్లకద్దుకుంది.

కళ్లకద్దుకుంది!

నిహారిక చేతులు వెనక్కి గుంజుకుని పెరట్లోకి పోయింది.

అమరేందర్ ఏడవలేదు. కంపెనీలో ఫోన్ లోపలికి తీసుకుపోనివ్వరు. షిఫ్టు ముగిసి, ఫోన్ పెట్టిన లాకరు తెరిచి, ఇరవై ఏడు మిస్డ్ కాల్స్ చూసుకునేసరికి మధ్యాహ్నం రెండు. అంతసేపూ అతను పని చేస్తూనే ఉన్నాడు. మధ్యలో పాట కూడా పాడుకున్నాడట. ఆ సంగతి ఒక్కటే చెప్పాడు. 

రోజులు వచ్చాయి. వాన మళ్లీ మొదలైంది. దినాలయ్యేదాకా మగ్గం ముట్టరు. సడలిన పడుగు గది మధ్యలో వేలాడుతూ ఉంది, నేలకు ఆనీ ఆనక.

తొమ్మిదో రోజు పొద్దున అత్తమ్మ చాయ్ ఇచ్చింది. అల్లం వేసింది. ఒక గుక్క తాగింది నిహారిక.

బాగుంది అనిపించింది.

అంతే. చాయ్ బాగుంది అనిపించింది.

గ్లాసు కింద పెట్టి, నోట్లో కొంగు కుక్కుకుని, కడుపు పట్టుకుని... ఆయన పోయాక మొదటిసారి ఏడ్చింది.

*

ఆ రోజే ఫోన్లో అది కనబడింది.

ఆమె ఫోన్ ప్రతి కాల్‌నూ తనంతట తానే దాచుకుంటుంది. అమ్మతో మాటలు. పెళ్లికి ముందు అమరేందర్‌తో గంటలు గంటలు. వాటి కింద — నూట ఎనిమిది. ఇరవై ఒక్క నిమిషాలు.

వినకూడదు అనుకుంది.

రంగుల కొట్టం వెనక, ఖాళీ గంగాళాల మధ్య, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింది.

మొదటి "పండవెడ్తున్నం" నుంచి "పండవెట్టినం" దాకా ఆరు నిమిషాల నలభై సెకన్లు.

ఆరు నిమిషాల నలభై సెకన్లు ఎంత? అన్నం ఎసరు మరిగేంత. ఒక కండె చుట్టేంత. వీధి చివర నుంచి బస్సు దగ్గరికి నడిచి, ఎక్కి, కిటికీ పక్కన కూర్చునేంత. అంతసేపు ఆయన వాన మీద చెంప ఆనించి ఉన్నాడు. కోస్తే అర నిమిషం. మిగతా ఆరు నిమిషాలు ఎవరివి? ఎవరు తీసుకున్నారు?

నా చీర కోసం కోయలేదా?

అడిగింది. గంగాళాలను అడిగింది. చీర ఆమెకు గుర్తుకే రాలేదు ఆ క్షణాన. రాలేదనే అనుకుంటోంది. కానీ చప్పట్లు కొట్టిన చేతులు అవే.

మళ్లీ వింది. రోజూ వింది. నలభై రెండో సెకను దగ్గర ఒక చిన్న చప్పుడు ఉంది. ఆయనది. మాట కాదు. మూలుగూ కాదు. నిద్రలో పక్కకి ఒత్తిగిలేటప్పుడు మనిషి వదిలే ఊపిరి లాంటిది. ఆ తర్వాత లేదు.

పదకొండో రోజు, దినాల భోజనాలు అయ్యాక, ఎన్నోసారో వింటుంటే — మూడో నిమిషంలో, ఆమె ఎగశ్వాస వెనకాల, ఫోన్లో గొంతు వెనకాల, ఇంకో గొంతు.

అత్తమ్మది.

"పడుగు పైలం బిడ్డా."

చిన్నగా. అలవాటుగా. రోజుకి పదిసార్లు అనే మాట. పడుగు పైలం, కింద చూస్కో. పడుగు పైలం, చెంబు దూరం పెట్టు. మొగుడి తల చేతుల్లో పెట్టుకుని, ఏం అంటున్నానో తెలియకుండా, నోరు తనంతట తాను అన్న మాట.

నిహారికకు ఆ మాట విన్న జ్ఞాపకం లేదు.

అత్తమ్మకు అన్న జ్ఞాపకం ఉందా?

మొదట వచ్చింది సంతోషం. అవును, సంతోషమే, దానికి వేరే పేరు లేదు. నేనొక్కదాన్నే కాదు. అత్తమ్మ చెప్పిన మాటే విన్నాను. వెన్నులోంచి ఏదో బరువు దిగి, గంగాళాల మధ్య ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుంది — పదకొండు రోజుల్లో మొదటిసారి.

తర్వాత తలెత్తి చూసింది. వాకిట్లో పుష్పమ్మ ఎంగిలి విస్తళ్లు ఏరుతోంది. బోసి చేతులు. బోసి నుదురు. విస్తరి తర్వాత విస్తరి. ఒక విస్తట్లో మిగిలిన బూరె తీసి, కాకికి పెట్టాలా అని ఆగి, ఎటు విసరాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడింది.

నిహారిక ఇయర్‌ఫోన్లు తీసి కొంగున ముడేసుకుంది.

*

ఈ రోజు పదమూడో రోజు.

అమరేందర్ పొద్దున్నే తాడు బిగించాడు. పడుగు మీద వాన మళ్లీ బిగిసి నిలిచింది. కంపెనీకి సెలవు పెట్టాడు. చిన్నప్పుడు నేర్చిన పని, మరిచిపోలేదు, నాయిన సగం నేసిన చీర సగంలో ఉండొద్దు అన్నాడు. రేపు మంచి రోజు, నేత మొదలుపెడతా అన్నాడు.

అందుకే ఆమె గుంటలో నీళ్లు తోడుతోంది. అందుకే అత్తమ్మ రాట్నం ముందు కూర్చుని అడ్డంగా నేసే తెల్లటి పేక నూలు కండెలకు చుట్టుతోంది.

తోడుతుంది. బకెట్లో పోస్తుంది. మళ్లీ తోడుతుంది.

అప్పుడు అడిగాడు అతను. ఆమె వైపు చూడకుండా. తాడు ముడి వైపు చూస్తూ.

"నీ ఫోన్ల కాల్‌లు రికార్డయితయి గద నిహా. ఆ దినంది ఉన్నదా?"

చెంబు ఆగింది.

"ఒక్కపారి వింట. నాయిన గొంతు ఏమన్న ఉన్నదేమో."

లేదని చెప్పొచ్చు. ఒక్క మాట. కానీ నలభై రెండో సెకను దగ్గర ఆయన ఊపిరి ఉంది. ఈ పిల్లవాడికి తండ్రి దగ్గర నుంచి మిగిలింది అదొక్కటే. అది కూడా తీసుకుంటానా?

ఉందని ఇవ్వొచ్చు. అప్పుడు మూడో నిమిషం కూడా వింటాడు. విని ఏమీ అనడు. తల్లిని ఒక్క మాట కూడా అనడు. కానీ రేపటి నుంచి ఆమె చాయ్ ఇచ్చినప్పుడు గ్లాసు వైపే చూస్తాడు. ఆమెకు తెలిసిపోతుంది. తల్లులకు గ్లాసు అందుకునే తీరులోనే తెలిసిపోతుంది.

"వెతికి ఇస్త" అంది.

రంగుల కొట్టం వెనక్కి పోయింది. వాన తుంపర. గంగాళాల మీద సన్నటి చప్పుడు. ఫోన్ తీసింది. కాలేజీ రోజుల్లో పాటల ముక్కలు తీసి రింగ్‌టోన్లు చేసుకున్నదే, అదే పని. మూడో నిమిషం. వెనక్కి. కొంచెం ముందుకి. "పడుగు పైలం బిడ్డా." మళ్లీ. "పడుగు పైలం బిడ్డా."

ఆమె వైపు సాక్ష్యం చెప్పే ఒకే ఒక్క గొంతు.

ఆరు సెకన్లు. తీసేసింది.

వేలు ఆగలేదు. ఎంత తేలిక... ఎంత తేలిక కోయడం. అసలుదాన్ని కూడా తుడిచేసింది. అడిగింది ఫోన్, నిజంగానా అని. నిజంగానే అంది.

*

అమరేందర్ గుంట అంచున కూర్చుని విన్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. చేతులు దోనె మీద.

నలభై రెండో సెకను ఎప్పుడొచ్చిందో ఆమెకు తెలిసింది. అతని పాదాల వేళ్లు ముడుచుకున్నాయి.

తర్వాతవి కూడా విన్నాడు. అన్నీ. పండవెడ్తున్నం. పండవెడ్తున్నం. పండవెడ్తున్నం. అతని కనుబొమల మధ్య గీత పడింది. ఇయర్‌ఫోన్లు తీశాడు.

"గంతసేపేంది?"

అడిగిన తీరులో కోపం లేదు. అర్థం కాలేదంతే.

రాట్నం తిరుగుతోంది. అత్తమ్మ వీపు ఇటువైపు.

అబద్ధాలు చాలా ఉన్నాయి. బరువు ఉన్నాడు, కదల్లేదు. ముడి నానింది. నిజాలు కూడా చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి ఆమె నోట్లోంచి బయటికి వచ్చింది.

"కత్తెర నా మోచేతి కాడ్నే ఉండె. నేను సూసిన. కోస్తే అర నిమిషంల బయటికొస్తుండె. నేను కోయలే."

రాట్నం ఆగింది.

అమరేందర్ ఆమెను చూశాడు. పడుగును చూశాడు. నల్లటి నీలంలో ఏటవాలు చినుకులు. చినుకుల మీద, దోనె దగ్గర, ఒక చెంప వెడల్పున గంజి చెదిరిన మరక.

"ఎందుకు?"

"మనం కోయం గద."

 అతనూ మగ్గం ఇంటి పిల్లవాడే.  నువ్వు కోసేవాడివా, అని ఆమె అడగలేదు. అడిగితే బాగుండేదేమో. తిట్టినా బాగుండేది. లేచి పోయినా బాగుండేది.

అతను లేవలేదు.

పుష్పమ్మ వీపు కదలడం లేదు. తల సగం ఇటు తిరిగింది. పెదవులు విడివడ్డాయి. ఏదో గుర్తుకొస్తున్నట్టు — లేదా గుర్తుకొచ్చినదాన్ని ఇన్నాళ్లూ పట్టుకుని ఉన్నట్టు — కళ్లు తాడు ముడి మీద నిలిచాయి.

వద్దు అత్తమ్మా.

నిహారిక పైకి అనలేదు. కళ్లతో అంది. వద్దు. అది ఇక ఎక్కడా లేదు. నువ్వు అనకపోతే అది ఎక్కడా లేదు.

ఒక్క క్షణం. ఒక్క క్షణమే, కానీ ఆరు నిమిషాల నలభై సెకన్లంత.

పుష్పమ్మ మళ్లీ అటు తిరిగింది. చెయ్యి రాట్నం మీద పెట్టింది. తిప్పలేదు. పెట్టి ఉంచింది. వేలికి చుట్టుకున్న పోగు తెల్లగా, బిగుతుగా... వేలు నీలబడుతోంది. విప్పుకోలేదు.

అమరేందర్ ఇయర్‌ఫోన్లు మళ్లీ చెవుల్లో పెట్టుకున్నాడు. వెనక్కి జరిపాడు. నలభై రెండు. ఆపాడు. వెనక్కి జరిపాడు. నలభై రెండు.

బయట వాన పెద్దదైంది. వీధిలో ఒక్కో మగ్గమే ఆగిపోతోంది. చెమ్మకు.

నిహారిక చెంబు అందుకోవాలనుకుంది. అందుకోలేదు.

అతని కాళ్లు గుంటలో ఉన్నాయి. తండ్రివి ఉన్నట్టే. రెండు కాళ్లు, పక్కపక్కన, చెక్కల మీద. ఆడటం లేదు.

వాటి చుట్టూ, పడే చప్పుడు లేకుండా, పారే చప్పుడు లేకుండా... పాదాలు దాటి, చీలమండల దగ్గరికి —

చల్లగా, నల్లగా, ఊరుతున్నాయి.